బట్టమేక పిట్టా, ఫస్ట్ లాన్సరూ

(అమీర్‌పేటలో ఏళ్ల తరబడి చరిత్ర చెప్పిన మా సారు స్మృతిలో, పంజాగుట్టలో ఆయన శిష్యులు ఏర్పాటు చేసిన సభలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



ఆహ్వాన పత్రికలో ‘ఎడారి జీవులు, యుద్ధ చరిత్ర’ అని అచ్చయింది. అది చూసి ఒక మిత్రుడు ఫోన్ చేసి, పంజాగుట్టలో ఎడారి ఎక్కడుంది, ఉన్నదల్లా ట్రాఫిక్కే కదా అన్నాడు. ఎడారి మనకు అంత దూరం కాదు. ఇక్కణ్నించి అమీర్‌పేట వైపు నడుస్తూ పోతే ట్రావెల్ ఏజెన్సీల అద్దాల మీద ఒంటె బొమ్మలు వరసగా కనిపిస్తాయి. దుబాయ్ డెజర్ట్ సఫారీ ఒకటి, జైసల్మేర్ గుడారాలు ఇంకొకటి. కింద వీసా ఫొటోలు తీసే దుకాణం, పైన పోటీ పరీక్షల కోచింగు. గల్ఫ్‌కు కూలికి పోయేవాడూ, సెలవులకు పోయేవాడూ ఇద్దరూ ఈ రోడ్డు మీదే టికెట్ కొనుక్కుంటారు. ఒంటె బొమ్మ మాత్రం సెలవులవాడి కోసమే వేస్తారు.

మా సారు గురించి ఇక్కడున్న వాళ్లకు నేను చెప్పాల్సింది తక్కువ. మైత్రీవనం వెనక సందుల్లో గ్రూప్స్ పిల్లలకూ సివిల్స్ పిల్లలకూ చరిత్ర చెప్పారు. బిట్లు బట్టీ పట్టించడం ఆయన బతుకుతెరువు. ఆ పని బాగానే చేశారు, దానికి సిగ్గుపడలేదు కూడా. ఆదివారం పొద్దున్న మాత్రం మమ్మల్ని వెంటేసుకుని నగరం చూపించేవారు. ఎక్కడికి వెళ్లినా డబ్బులిచ్చి గైడును పెట్టుకునేవారు. గైడు చెప్పేదంతా ఓపిగ్గా విని, “ఇతను ఆగకుండా దాటించిన చోటికి ఇప్పుడు మనం పోదాం” అనేవారు. ఇవాళ నేను మాట్లాడేది ఆ పద్ధతిలోనే. జైసల్మేర్‌లో మొదలుపెట్టి మన ఫస్ట్ లాన్సర్ దాకా వస్తాను. దారిలో కర్నూలు కూడా తగులుతుంది.

జైసల్మేర్‌లో ఇప్పుడు టూరు ఒక అచ్చులో పోసినట్టు నడుస్తుంది. తెల్లవారక ముందే జీపెక్కించి డెజర్ట్ నేషనల్ పార్కు వైపు తీసుకెళ్తారు. మధ్యాహ్నం పాకిస్తాన్ సరిహద్దు వైపు తిప్పి తనోట్ గుడి, లోంగేవాలా చూపిస్తారు. చీకటి పడ్డాక సమ్ ఇసుక దిబ్బల దగ్గర పాటా, ఆటా, భోజనం. పొద్దున్న ప్రకృతి, మధ్యాహ్నం దేశభక్తి, రాత్రి వినోదం. మూడింటికీ టికెట్లు వేరు, చాలాసార్లు గైడ్లు కూడా వేరు. పొద్దున్న వచ్చిన కుర్రాడికి లోంగేవాలా గురించి అడిగితే, అది మధ్యాహ్నం అతను చెప్తాడు సార్ అన్నాడు.

ముందు లోంగేవాలా చెబుతాను, ఎందుకంటే గైడ్లు బాగా చెప్పేది అదే. 1971 డిసెంబరు 4 రాత్రి. సరిహద్దు దగ్గర ఒక చిన్న ఠాణా. 23వ పంజాబ్ బెటాలియన్‌లోని ఒక కంపెనీ, సుమారు 120 మంది. వాళ్ల మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి. అవతల నుంచి నలభై పైచిలుకు ట్యాంకులతో ఒక బ్రిగేడు వస్తోంది. మనవాళ్ల దగ్గర ట్యాంకుల్ని కొట్టగలిగిన ఆయుధాలు చాలా తక్కువ. జైసల్మేర్‌లో ఉన్న కొద్దిపాటి హంటర్ విమానాలకు రాత్రిపూట పోరాడే ఏర్పాటు లేదు. తెల్లారేదాకా నిలబడితే విమానాలు వస్తాయి, లేకపోతే లేదు. ఠాణా చుట్టూ వేసిన ముళ్లతీగ చూసి అక్కడ మందుపాతరలు ఉన్నాయనుకుని శత్రువు ఆగాడు. ఆ ఆగడంలో రాత్రి గడిచింది. తెల్లవారాక హంటర్లు వచ్చాయి. బయలు మీద దాక్కునే చోటు లేక ముప్పైకి పైగా ట్యాంకులు పోయాయి. చాంద్‌పురికి మహావీర్ చక్ర ఇచ్చారు.

1997లో ‘బోర్డర్’ సినిమా వచ్చిన దగ్గర్నుంచి గైడ్లు సినిమా కథనే చెబుతున్నారు. సినిమాలో మనవాళ్లు చాలామంది నేలకొరుగుతారు. నిజంగా ఆ ఠాణాలో ప్రాణం పోయింది చాలా కొద్దిమందికి. అంత తక్కువ నష్టంతో నిలబడటమే ఆ రాత్రి గొప్పతనం, కానీ తెర మీద అది పనికిరాలేదు. గెలుపు ఎవరిది, నేలమీద ఉన్నవాళ్లదా, పైనుంచి కొట్టినవాళ్లదా అని మాజీ అధికారుల మధ్య తర్వాత ఏళ్ల తరబడి వాదన నడిచింది. ఆ వాదన టూరులో వినపడదు. ఇసుక సంగతీ అంతే. అక్కడ చాలా ట్యాంకులు గుల్ల ఇసుకలో కూరుకుపోయాయి. వచ్చినవాళ్లు నేలను ముందుగా సరిగా చూసుకోలేదు. లోంగేవాలాలో ఇవాళ్టికీ రోడ్డు దిగి కొంచెం నడిస్తే ఆ సంగతి కాళ్లకే తెలుస్తుంది. గైడు మాత్రం మనల్ని రోడ్డు దిగనివ్వడు, ట్యాంకు పక్కన ఫొటో తీస్తాడు.

ఇప్పుడు పొద్దున్నకు వెళ్దాం. డెజర్ట్ నేషనల్ పార్కు 3,162 చదరపు కిలోమీటర్లు. పేరు చూసి అంతా ఇసుకే అనుకుంటాం. ఇసుక దిబ్బలు అందులో కొంత భాగమే. మిగతాదంతా రాతినేల, ఉప్పుపర్రలు, సేవణ్ గడ్డి. జీవం ఉండేది ఆ గడ్డిలోనే. చింకారాలు కనిపిస్తాయి. ఎడారి నక్క బొరియ ముందు కూర్చుని మనల్నే చూస్తుంది. పైన రాబందులు, చలికాలమైతే దూరదేశాల నుంచి దిగిన గద్దలు. ముళ్లతోక బల్లిని చూపించి గైడు నవ్వాడు. ఒకప్పుడు మన ఫుట్‌పాత్‌ల మీద సీసాల్లో ‘సాండా తేల్’ అమ్మేవాళ్లే, ఆ సాండా ఇదే. ఆకులూ గడ్డీ తిని బతికే ఒక అమాయకపు బల్లికి మనుషుల మగతనంతో ఏ సంబంధం ఉందో ఆ నూనె కొన్నవాళ్లే చెప్పాలి.

చెట్లలో జమ్మి ఎక్కువ. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం ఒకటే, జమ్మిచెట్టు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని మనం దసరా నాడు మొక్కుతాం. అక్కడ జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊరిలో 1730లో ఆ చెట్లను రాజు మనుషులు నరకబోతే బిష్ణోయిలు 363 మంది చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. మన జమ్మికి యుద్ధకథ ఉంది, వాళ్ల జమ్మికి యుద్ధం కాని చావుల కథ ఉంది. మా సారు ఈ రెండోదాన్ని క్లాసులో బిట్టుగా చెప్పేవారు, ఆదివారం నడకలో కథగా చెప్పేవారు.

టూరుకు వచ్చినవాళ్లంతా అడిగేది మాత్రం బట్టమేక పిట్ట. రాజస్థాన్‌లో దాన్ని గోడావణ్ అంటారు, వాళ్ల రాష్ట్ర పక్షి అది. మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగిన పక్షుల్లో అంత బరువున్నవి కొన్నే. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ నేలమీద, బహిరంగంగా. దేశం మొత్తం మీద ఇప్పుడు బయట స్వేచ్ఛగా మిగిలినవి నూట యాభై కంటే తక్కువే అంటున్నారు, వాటిలో చాలా భాగం జైసల్మేర్ ప్రాంతంలోనే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2011లోనే దీన్ని అంతరించిపోయే అంచున ఉన్నదిగా ప్రకటించింది. 1963లో జాతీయ పక్షిగా నెమలిని ఖాయం చేశారు గానీ, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ బట్టమేకను పెట్టమని అడిగారు. నెమలిని కాపాడటానికి పెద్దగా కష్టపడాల్సిన పని లేదు, మన కేబీఆర్ పార్కులో కూడా అది హాయిగా తిరుగుతోంది. బట్టమేకకు ఆ కిరీటం దక్కి ఉంటే ఇవాళ దాని సంఖ్య వేరుగా ఉండేదని నా నమ్మకం.

పిట్ట మాకు కనపడలేదు. చాలామందికి కనపడదు. గైడుకు అదో అవమానం, అందుకని ఆ రోజు చింకారాలను ఎక్కువ చూపించాడు. తిరిగొచ్చేటప్పుడు జీపు ఆగకుండా పోయిన చోటు ఒకటుంది. గాలిమరలూ సోలారు పలకలూ, వాటి నుంచి దిక్కుదిక్కులా పోయే కరెంటు తీగలూ. బట్టమేకకు కళ్లు తల పక్కలకు ఉంటాయి, నేలమీద శత్రువును కనిపెట్టడానికి. ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా ఆనదు. ఆనినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ థార్ ప్రాంతంలో తీగలకు తగిలి ఏడాదికి 18 బట్టమేకలు చనిపోతున్నాయని అంచనా వేసింది. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షికి ఆ లెక్క ఏం చేస్తుందో మీరే వేసుకోండి. వన్యప్రాణుల సంరక్షణకు పనిచేసే ఎం.కె. రంజిత్‌సింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తీగలను భూమిలోంచి వేయమంది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల సంఘానికి అప్పగించింది. బొగ్గు బదులు సూర్యుడి నుంచి కరెంటు తీయడమూ అవసరమే కదా అని కోర్టు తర్కం. తేలిక ప్రశ్న కాదు. ఇది మంచివాళ్లకూ చెడ్డవాళ్లకూ మధ్య తగాదా అయితే గైడు కూడా చెప్పి ఉండేవాడు.

అయితే ఆ కొద్ది పిట్టలన్నా ఎక్కడ మిగిలాయి? పార్కులో కొన్ని. మరికొన్ని, చెప్పుకోదగ్గన్ని, పోఖ్రాన్ ఫిరంగుల మైదానంలో. అవును, 1974లో, 1998లో అణుపరీక్షలు జరిగిన ఆ పోఖ్రానే. 1998లో మన డీఆర్‌డీవో నుంచి వెళ్లిన కలాం గారూ మిగతా శాస్త్రవేత్తలూ సైనిక దుస్తులు వేసుకుని తిరిగింది ఆ ప్రాంతంలోనే. సైన్యం గుండ్లు పేల్చి సాధన చేసే నేల అది. గుండు పేలేది కొన్ని రోజులు, కట్టుదిట్టం ఉండేది ఏడాదంతా. పశువుల మేత తక్కువ, దున్నడం తక్కువ, సెలవులకు వచ్చినవాళ్ల జీపులు తిరగవు. పక్షికి కావలసింది ఆ తిరగకపోవడమే. పక్కనే రామ్‌దేవ్‌రాలోనూ, అటు సమ్‌లోనూ గుడ్లు తెచ్చి పొదిగించే కేంద్రాలున్నాయి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది. యుద్ధానికి సిద్ధం చేసిన నేల పిట్టకు ఆశ్రయం కావడం ఇక్కడ జరిగింది. ప్రతిచోటా అలా జరగలేదు. అరేబియా ఎడారిలో ఉష్ట్రపక్షి జాతి ఒకటుండేది. మొదటి ప్రపంచ యుద్ధంతో అక్కడికి వచ్చిన రైఫిళ్లూ, తర్వాత వచ్చిన మోటారు కార్లూ కొన్ని దశాబ్దాల్లో దాన్ని పూర్తిగా తుడిచిపెట్టాయి.

కాబట్టి తుపాకీ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. ఆ నేల మీదకు ఎవరు వచ్చారు, నీళ్లు ఎటునుంచి వచ్చాయి అని అడగాలి. యుద్ధం ఎవరు గెలిచారో, పిట్ట ఎందుకు పోయిందో రెండూ ఆ లెక్కలోనే తేలతాయి. పొద్దున్న టికెట్టూ మధ్యాహ్నం టికెట్టూ వేరుగా అమ్మడం వల్ల ఈ లెక్క మనకు కనపడకుండా పోతోంది.

నీళ్ల సంగతికి రాజస్థాన్ దాకా ఎందుకు, మన రోళ్లపాడు ఉంది. కర్నూలు నుంచి నందికొట్కూరు వైపు వెళ్తే వస్తుంది, ఇప్పుడు నంద్యాల జిల్లా. 1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహమానీ అక్కడ బట్టమేకల మీద పనిచేశారు. పదుల్లో ఉండేవి. 1988లో అభయారణ్యం చేశారు, ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. కంచె వేశారు, కాపలా పెట్టారు. తర్వాత చుట్టుపక్కలకు కాలువ నీళ్లొచ్చాయి, అలగనూరు జలాశయం వచ్చింది. జొన్నా, కొర్రా, మినుమూ పండిన మెట్టచేలు పోయి డబ్బు పంటలు వచ్చాయి. బట్టమేక కంచె లోపలే కూర్చునే పిట్ట కాదు, మెట్టచేలల్లో మిడతలూ గింజలూ ఏరుకుని తిరిగేది. తిండి బయట పోయాక లోపలి కంచె దేన్ని కాపాడుతుంది? ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు కూడా వచ్చింది. ఇవాళ రోళ్లపాడు వెళ్తే కృష్ణజింకలు మందలుగా కనిపిస్తాయి. చేలు మేసి పోతున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు, వాళ్ల కోపంలో న్యాయం ఉంది. శీతాకాలం సాయంత్రాల్లో పిల్లిగద్దలు వందల్లో గడ్డిలోకి దిగుతాయి, చూసి తీరాల్సిన దృశ్యం. బట్టమేక మాత్రం కనపడదు. రాయలసీమ రైతుకు నీళ్లు రాకూడదని ఎవరూ అనరు, నేనూ అనను. నీళ్లు ఇచ్చేటప్పుడు పిట్టకూ ఒక వాటా రాసి ఉంచి ఉండొచ్చు, అది రాయలేదు.

ఇక మన లాన్సర్లు. ఇక్కణ్నించి మాసబ్‌ట్యాంక్ వైపు వెళ్తే, బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డుకు అవతల, ఫస్ట్ లాన్సర్ అనే బస్తీ ఉంది. ఆటోవాడికి చెబితే తీసుకెళ్తాడు, ఎందుకా పేరని అడిగితే నవ్వుతాడు. నిజాం సంస్థానపు అశ్వదళం, ఫస్ట్ హైదరాబాద్ లాన్సర్స్, ఉన్న చోటు అది. దానికి దగ్గర్లోనే ఏసీ గార్డ్స్. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం అక్కడ ఉండేది, సిద్దీల సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. నగరం సైన్యాన్ని మరిచిపోయింది, బస్ స్టాపు పేర్లు మాత్రం ఉంచుకుంది.

ఈ లాన్సర్లు 1914లో బయల్దేరి ఈజిప్టుకు వెళ్లారు. మైసూర్ లాన్సర్లతోనూ, 1918లో వచ్చి చేరిన జోధ్‌పూర్ లాన్సర్లతోనూ కలిసి పదిహేనో ఇంపీరియల్ సర్వీస్ అశ్వదళ బ్రిగేడు. మొదట సూయెజ్ కాలువ కాపలా, తర్వాత సినాయ్, ఆ తర్వాత పాలస్తీనా. ఆ నవంబరులోనే, ఖలీఫా అయిన టర్కీ సుల్తాను అవతలి పక్షాన యుద్ధంలోకి దిగినా ముస్లింలు బ్రిటిష్ వారి వెంటే ఉండాలని నిజాం ఉస్మాన్ అలీఖాన్ ప్రకటన ఇచ్చారు. లాన్సర్లలో చాలామంది దక్కనీ ముస్లింలు. ఎదురుగా ఉన్నది ఖలీఫా సైన్యం. వాళ్ల మనసుల్లో ఏముందో ఏ గైడూ చెప్పడు. వాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాలు దొరికితే చదవాలని మా సారుకు చివరిదాకా ఉండేది.

సినాయ్‌లో గుర్రానికి రోజుకు ముప్పై నలభై లీటర్ల నీళ్లు కావాలి. బావులు చాలవు, చాలా బావుల్లో నీళ్లు ఉప్పన. అందుకని నైలు నీళ్లను గొట్టాల ద్వారా ఎడారి పొడుగునా తీసుకెళ్లారు. పక్కన రైలు పట్టాలు వేశారు. సైనికుల కాళ్లు కూరుకుపోకుండా ఇసుక మీద ఇనపవల పరిచారు. ఆ గొట్టాలను మోసి పాతింది ఈజిప్టు కూలీలు, సామాను మోసింది ఒంటెలు. సినాయ్‌లో యుద్ధం చాలావరకు గొట్టం వేసినంత దూరమే ముందుకు కదిలింది. నేల మీదకు ఎవరు వస్తారో రోళ్లపాడులో కాలువ తేల్చినట్టే, అక్కడ ఆ గొట్టం తేల్చింది.

1918 సెప్టెంబరు 23న పాలస్తీనా తీరంలోని హైఫా. కార్మెల్ కొండకూ కిషోన్ ఏటికీ మధ్య ఇరుకు దారి, కొండ మీద శత్రువు మరతుపాకులు. జోధ్‌పూర్ లాన్సర్లు ఈటెలతో దూసుకుపోయారు, మైసూర్ లాన్సర్లు కొండవైపు నుంచి ఎక్కారు. జోధ్‌పూర్ దళాన్ని నడిపిన మేజర్ దల్‌పత్ సింగ్ అక్కడే చనిపోయారు. పదమూడు వందల పైచిలుకు మంది ఖైదీలుగా చిక్కారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడి ఉన్న మూడు కంచు విగ్రహాలు ఈ మూడు దళాలకు గుర్తు. 2018లో ఆ కూడలికి హైఫా పేరు కూడా కలిపారు.

మూడో విగ్రహం హైదరాబాద్‌ది. కానీ హైఫా దాడిలో హైదరాబాద్ లాన్సర్లు లేరు. అంతకు ముందు పట్టుబడ్డ ఖైదీలను వెనక్కి నడిపించే పని వాళ్లకు అప్పగించారు. ఈ మాట మన ఊరి సభల్లో చెబితే కొందరికి నచ్చదు. మన గుర్రాలు కూడా దూసుకుపోయాయని రాసిన వ్యాసాలు ఎన్నో చూశాను. మా సారు మాత్రం దీన్ని చెప్పి తీరేవారు. వేల మంది శత్రుసైనికులను సెప్టెంబరు ఎండలో, నీళ్లు కరువైన నేలమీద, దారిలో ఎవరినీ చంపకుండా, ఎవరినీ దాహంతో చావనివ్వకుండా నడిపించాల్సి రావడం ఈటె పట్టుకుని దూకడం కంటే తక్కువ పనా అని అడిగేవారు. నాకూ ఆయన మాటే సరైనదనిపిస్తుంది. దాడికి విగ్రహం పెట్టొచ్చు. నీళ్లు పంచి ఖైదీలను నడిపించినవాడికి ఎలాంటి విగ్రహం పెడతారు? అందుకేనేమో శిల్పి మూడు దళాలనూ ఒకేలా నిలబెట్టేశాడు.

ఇంకో మనిషి గురించి చెప్పి ముగిస్తాను. అదే పాలస్తీనా రంగంలో రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ గూఢచారి అధికారి పనిచేశాడు. తప్పుడు కాగితాలున్న సంచిని శత్రువుకు దొరికేలా పారేసి గాజా దగ్గర టర్కులను మోసం చేశానని చెప్పుకున్నాడు. ఆయన పక్షి శాస్త్రవేత్త కూడా. చనిపోయాక తేలిందేమంటే, మ్యూజియంల నుంచి పక్షుల తోళ్లు దొంగిలించి, తనే వేరే చోట సేకరించినట్టు చీటీలు మార్చాడు. సంచి కథలో ఆయన చెప్పుకున్న తన పాత్ర కూడా అబద్ధమేనని ఇప్పుడు చాలామంది అంటున్నారు. 1937లో ఆయన సలీం అలీతో కలిసి అఫ్గానిస్తాన్‌లో పక్షుల కోసం తిరిగాడు. సలీం అలీ అంతకు ముందు, 1931-32లో, మన నిజాం రాష్ట్రంలోనే పక్షుల సర్వే చేశారు. ఆ సర్వేలో ఏ పిట్ట ఏ ఊళ్లో దొరికిందో చీటీలు నిజాయితీగా ఉన్నాయి కాబట్టే ఇవాళ మనం పోగొట్టుకున్నదేమిటో లెక్క కట్టగలుగుతున్నాం. ఒకే గుడారం కింద పడుకున్న ఇద్దరిలో ఒకడి చీటీలు పనికొచ్చాయి, ఇంకొకడివి వందలాది పక్షుల లెక్కను పాడుచేశాయి.

నా ప్రతిపాదన చిన్నది. మా సారు పేరున ఏటా ఈ హాల్లో ఒక ఉపన్యాసం సరే, దానితోపాటు రెండు నడకలు కూడా పెట్టుకుందాం. ఒకటి ఇక్కణ్నించి ఫస్ట్ లాన్సర్ మీదుగా ఏసీ గార్డ్స్ దాకా, పొద్దున్న ఎండ ఎక్కకముందు. ఆ బస్తీల్లో పాత కుటుంబాలను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే, తాతముత్తాతల కాగితాలూ పతకాలూ ఫొటో తీసుకుందాం. రెండోది వానలు పడ్డాక రోళ్లపాడుకు, రాత్రి బస కర్నూలులో. అక్కడ అటవీశాఖ వాచర్లను గైడ్లుగా పెట్టుకుందాం, డబ్బులు సరిగ్గా ఇద్దాం. చేలు పోయిన రైతునొకరిని కూడా మాట్లాడమని పిలుద్దాం. కోచింగు సెంటర్లలో చదివే పిల్లలకు ఖర్చు మనమే పెట్టుకోవాలి, వాళ్ల జేబులో అంత ఉండదు. మొదటి నడక తేదీ, పేరు రాయించుకునే ఫోన్ నంబరు కార్యదర్శి గారు బయట బల్ల దగ్గర ఇస్తున్నారు.